మూడో లోపం

1793 ఫిబ్రవరి 19, మంగళవారం

సిరా గడ్డకట్టింది. బుడ్డిని చంకలో పెట్టుకుని కరిగించి ఈ నాలుగు ముక్కలు రాస్తున్నాను. శాసనసభ నుంచి మూడు రోజులు మంచులో ప్రయాణం చేసి మధ్యాహ్నానికి ఇల్లు చేరాను. టైటస్‌ని స్వేచ్ఛాపరుడిగా ప్రకటించే బిల్లు మళ్లీ వాయిదా పడింది. పోయిన జూన్‌లో ‘అనుకూలమైన సమయంలో పరిశీలిద్దాం’ అన్నారు. ఇప్పుడూ అదే మాట, ఒక్క అక్షరం మారలేదు. నాకు మాత్రం గొంతు పోయింది.

ఎంత బాగా మాట్లాడాను. స్వాతంత్ర్య యుద్ధంలో తన యజమాని లవరింగ్ ముసలాయన కొడుకు బదులు ఈ టైటస్ మూడేళ్లు తుపాకీ మోశాడన్నాను. బతికొస్తే స్వేచ్ఛ ఇస్తానని ముసలాయన భోజనాల బల్ల దగ్గర పదిమంది ముందు మాటిచ్చి, కాగితం మీద పెట్టకుండానే చచ్చాడన్నాను. తొమ్మిదేళ్లుగా మా ఊళ్లో పీపాలు చేసుకుంటూ ఒకరి జోలికి పోకుండా బతుకుతున్న మనిషిని, ఇప్పుడు ముసలాయన అల్లుడు విథామ్ వచ్చి ‘మా మామగారి సొత్తు’ అంటున్నాడన్నాను. విథామ్‌కి రేవులో నాలుగు ఓడలున్నాయి, అవన్నీ దక్షిణాది బానిస సంతలకే పోతాయి, ఇక చెప్పాల్సిందేముంది అన్నాను. నా పక్కన కూర్చున్న సభ్యుడు గురక పెట్టాడు.

టైటస్ పొద్దుటినుంచీ మా వంటింట్లో కాచుకుని ఉన్నాడట.

“ఏమైందయ్యా?”

“జూన్‌కి వేశారు.”

“పోయిన జూన్‌లోనూ ఇలాగే అన్నారు గదయ్యా.”

“అది పోయిన జూను. ఇది వచ్చే జూను.”

అతను నవ్వలేదు. టోపీ పెట్టుకుని వెళ్లిపోయాడు. ఏప్రిల్‌లో కౌంటీ కోర్టులో విథామ్ దావా ఉంది. భయం లేదు. సభలో బిల్లు నడుస్తోందని సభ్యుడిగా నేనొక ముక్క రాసిస్తే కోర్టు వాయిదా వేస్తుంది. నేను సభలో ఉన్నన్నాళ్లూ బిల్లు బతికి ఉంటుంది, బిల్లు బతికి ఉన్నన్నాళ్లూ టైటస్ ఈ ఊళ్లో ఉంటాడు. నా కుర్చీకి వచ్చిన ఢోకా ఏమీ లేదు. మూడేళ్లుగా నామీద ఎవరూ పోటీకి రాలేదు.

ఫిబ్రవరి 21

మా ఆవిడ జిల్పా అంటోంది: “ఊళ్లోవాళ్లు మీరు ఎవరితోనూ మాట్లాడరంటున్నారు.”

మాట్లాడతాను. వాళ్లకి అర్థం కాదు, అన్నాను.

“అదే చెబుతున్నారు వాళ్లూ” అంది.

పెళ్లయి ఆరు వారాలైంది. కమ్మరి భార్యగా పదేళ్లు బతికి, విధవరాలిగా నాలుగేళ్లు కొలిమి తనే నడిపిన మనిషి. ముప్పై తొమ్మిదేళ్లకి పెళ్లి చేసుకుంటే ఇలాగే ఉంటుందని నన్నెవరూ హెచ్చరించలేదు. రొట్టె మాత్రం బ్రహ్మాండంగా చేస్తుంది.

మార్చి 2

టైటస్ పేరు మీద ఏదైనా కాగితం దొరుకుతుందేమోనని ఊరి గుమాస్తా హేజన్ దగ్గర కూర్చుని పాత పుస్తకాలన్నీ తిరగేశాను. పన్నుల పుస్తకంలో లేడు. దారి పనివాళ్ల జాబితాలో లేడు. పాదిరిగారి పుస్తకంలో నవంబరులో వైలెట్‌తో జరిగిన పెళ్లి ఉంది గాని, బానిసలకూ పెళ్లిళ్లు రాస్తారు గనక అది పనికి రాదు. తొమ్మిదేళ్లుగా ఈ ఊరివాళ్లంతా అతను చేసిన పీపాల్లో ఆపిల్ సైడరు పోసుకుని తాగుతున్నారు. వాళ్ల పుస్తకంలో మాత్రం అతను లేడు.

మార్చి 11

రేపు ఊరి సభ, శాసనసభ్యుడి ఎన్నిక. ప్రసంగం సిద్ధం. అక్కర్లేకపోవచ్చు.

మార్చి 12

ఓడిపోయాను. నలభై ఒకటి, అరవై ఏడు. మిల్లు బ్రాకెట్‌కి అరవై ఏడు.

మళ్లీ రాస్తాను. నలభై ఒకటి, అరవై ఏడు. సంతకం పెట్టడానికి నాలిక బయటపెట్టే షేడ్రక్ బ్రాకెట్ మా ఊరి తరఫున శాసనసభలో కూర్చుంటాడు. తోళ్లు పదునుచేసేవాడి కొడుకుగా పుట్టి, అయిదేళ్లు జడ్జిగారింట్లో దస్తావేజులు నకలు రాసి, కొవ్వొత్తి వెలుగులో కళ్లు పాడుచేసుకుని న్యాయం చదివిన నేను ఇంట్లో కూర్చుంటాను. పదిహేనేళ్లుగా వాళ్ల కంచె తగాదాలూ గట్టు తగాదాలూ తీర్చినవాణ్ణి.

అంతటితో ఊరుకున్నారా. సభ జరిగే ప్రార్థన మందిరంలో చలికి అందరి పాదాలూ కొయ్యబారిపోయాయి. సత్రం కెప్టెన్ స్లీపర్ సభ నడిపిస్తున్నాడు. మధ్యాహ్నం విరామంలో అతని సత్రంలోనే రమ్ము కూడా నడిచింది. కంచెలు చూసేవాళ్లని ఎన్నుకున్నారు, దారులు చూసేవాళ్లని ఎన్నుకున్నారు. ఆ తర్వాత పందుల పెద్దల వంతు వచ్చింది. ఊరి మీద తిరిగే పందుల ముక్కుకు రింగు, మెడకు చెక్క చట్రం ఉన్నాయా అని చూసి, లేనివాటిని బందెలదొడ్డికి తోలే పదవి. ఏడాదిలో కొత్తగా పెళ్లయిన మగాళ్లందరినీ ఆ పదవికి ఎన్నుకోవడం మా ఊళ్లో తాతలనాటి పరాచికం. ఇరవై రెండేళ్ల కుర్రాళ్లకి ముచ్చటే. బ్రాకెట్ లేచాడు.

“కొత్త పెళ్లికొడుకులు ముగ్గురేనా? ఇంకో ఆయన్ని మర్చిపోయారు. మన పందుల చట్టం రాసింది కూడా ఆయనే కదా.”

మందిరమంతా ఘొల్లుమంది. నిజమే, రాశాను. మూడేళ్లలో నేను పెట్టిన పదకొండు బిల్లుల్లో నెగ్గింది ఊరి ఉద్యోగుల చట్టం ఒక్కటే, దాన్ని అందరూ పందుల చట్టమంటారు. ఆ నవ్వులో పై గ్యాలరీ నుంచి ఎవడో “టైటస్‌కీ పెళ్లయింది, వాణ్ణి కూడా వెయ్యండి” అని అరిచాడు. కెప్టెన్ స్లీపర్ అయిదు పేర్లూ గుత్తగా ఓటుకి పెట్టాడు. చేతులన్నీ లేచాయి. హేజన్ గుమాస్తా మొహంలో ఒక్క కండరమైనా కదల్లేదు. మంచు కురిసినా, మంటలంటుకున్నా, సభలో జరిగింది జరిగినట్టు పుస్తకంలోకి ఎక్కించడమే అతని పని, ఎక్కించాడు.

పుండు మీద కారం చల్లినట్టు నన్నూ నా కక్షిదారునీ ఒకే తాడుకి కట్టారు. ప్రమాణం చెయ్యమని పిలుస్తుంటే టోపీ తీసుకుని బయటికొచ్చేశాను. మిగతా నలుగురూ చేశారట.

మార్చి 13

జిల్పా నవ్వింది. కొలిమి దగ్గర పనిచేసేవాళ్లకి కూడా వినపడేలా నవ్వింది.

మార్చి 16

నిద్రాహారాలు లేకుండా ఆ ఎన్నికని తిరగేశాను. చెల్లదు. బ్రాకెట్ ఎన్నికలో తప్పు దొరకలేదు, ఎంత వెతికినా దొరకలేదు. పందుల పెద్దల ఎన్నికలో దొరికాయి. ఒకటి: ఏడు రోజుల ముందు తగిలించాల్సిన సభ నోటీసులో పెళ్లికొడుకులన్న మాట లేదు. రెండు: అయిదుగురికీ కలిపి ఒకే ఓటు పెట్టారు, లెక్క పెట్టలేదు. మూడో లోపం ఒకటుంది. అన్నిటికంటే బలమైనది అదే. ఇక్కడ రాయను.

వకీలు చేతికి అందిన ఆయుధం వాడతాడు. దానివల్ల ఎవరికీ నష్టం లేదు. అది వేరే పత్రం, వేరే వ్యవహారం.

మార్చి 21

అభ్యంతర పత్రం కౌంటీ కోర్టులో వేసి వచ్చాను. రానూ పోనూ ముప్పై రెండు మైళ్లు, అంతా బురద. నేను రాసినవాటిలో ఇంత చక్కని పత్రం ఇంకోటి లేదు. ఏడు పేజీలు.

గేటుకి ఎవరో గొర్రెల గంట కట్టి, ‘పందుల పెద్దగారి కార్యాలయం’ అని బొగ్గుతో రాసి పోయారు. నేను చెరిపేసేలోగా ఊరంతా చూసింది.

మార్చి 26

బ్రాకెట్‌ని కలిసి టైటస్ బిల్లు సంగతి చెప్పమంటోంది జిల్పా. జూన్‌లో దాన్ని సభలో లేవనెత్తుతానని అతను ఒక్క ముక్క రాసిస్తే చాలు, కోర్టు వాయిదా వేస్తుంది.

వాడి మిల్లు గుమ్మం తొక్కను.

ఏప్రిల్ 2

నిన్నటినుంచి పందుల్ని ఊరి మీదికి వదులుతున్నారు. పొద్దున్నే టైటస్ వచ్చాడు. చేతిలో ఓక్ చెక్కతో చేసిన కొలబద్ద, దాని మీద గాట్లు.

“చట్రం పంది మెడకు పైన ఎంత, కింద ఎంత ఉండాలో మీ చట్టంలో ఉందంట గదయ్యా. చూసి చెబితే గాట్లు సరిచేసుకుంటాను.”

“మెడ ఎంత లావుంటే పైకి అంత, కిందికి అందులో సగం” అన్నాను. కొలబద్ద చూస్తే కోపం వచ్చింది. అంత శ్రద్ధగా చేశాడు. “వాళ్లు నిన్ను వెక్కిరించడానికి వేశారయ్యా ఆ పదవి. నన్నూ అంతే. సిగ్గనిపించడం లేదా నీకు?”

“వెక్కిరించారు, విన్నాను.”

“మరి?”

“నవ్వడం అయిపోయాక గుమాస్తాగారు చెయ్యెత్తి ప్రమాణం చెయ్యమన్నారు. నన్ను ఈ ఊళ్లో ఇప్పటిదాకా ఎవరూ ప్రమాణం చెయ్యమని అడగలేదయ్యా. సాక్ష్యానికి కూడా పిలవలేదు. చేశాను. చేసినాక పని చెయ్యాలి గదా.”

చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టయింది నా పని. పరువు సంగతి అతనికి ఎలా చెప్పాలో తెలియలేదు. కోర్టులో ఆ ఎన్నిక కొట్టేయిస్తున్నానని మాత్రం చెప్పాను.

“కొట్టేస్తారా?” అన్నాడు.

“తప్పకుండా.”

కొలబద్దని కోటులోపల పెట్టుకుని వెళ్లిపోయాడు. సంతోషిస్తాడనుకున్నాను.

ఏప్రిల్ 6

బ్రాకెట్ ఆడపంది రింగు లేకుండా పాదిరిగారి తోట తవ్వేసిందట. టైటస్ దాన్ని బందెలదొడ్డికి తోలాడు. కొత్త శాసనసభ్యుడు పరుగెత్తుకొచ్చి చిందులు తొక్కాడు. టైటస్ గొంతు పెంచలేదట. “చట్టంలో ఉందండీ. రసీదు రాసిచ్చి తీసుకుపోండి” అన్నాడట. నేను పెట్టిన ఏడో సెక్షన్ అది. పశువుని విడిపించుకునేవాడు ఉద్యోగి పేరు, హోదా రాసి సంతకం పెట్టిన రసీదు ఇవ్వాలి. సభలో ఆ సెక్షన్ చదివినప్పుడు పందికి రసీదా అని నవ్వారు. బ్రాకెట్ నాలిక బయటపెట్టి సంతకం పెట్టాడట.

నెల రోజుల్లో కడుపు నిండా నవ్వింది ఇవాళే.

ఏప్రిల్ 10

దావా 23న. వాయిదా అడగడానికి నాకు హోదా లేదు. సాక్షులు లేరు. లవరింగ్ బల్ల దగ్గర కూర్చున్న పదిమందిలో ఎనిమిది మంది చనిపోయారు, ఒకామెకు మతి లేదు, పదోవాడు విథామ్.

ఏప్రిల్ 11

రాయడానికేమీ లేదు.

ఏప్రిల్ 12

మిల్లుకి వెళ్లాను. వెళ్లనని రాసిన ముక్క పైన కనపడుతోంది, కనపడనీ.

“వకీలుగారు మా గుమ్మంలోకి” అన్నాడు బ్రాకెట్ పిండి దులుపుకుంటూ. “ఆ టైటస్ నా పందిని పట్టుకుపోయాడండీ. దాని మీద వాడికి సాయం కూడానా?”

“బిల్లు జూన్‌లో లేవనెత్తుతానని ఒక్క ముక్క రాసివ్వండి.”

“చూద్దాంలెండి. అనుకూలమైన సమయంలో.”

శాసనసభ భాష అప్పుడే వచ్చేసింది వీడికి.

ఏప్రిల్ 15, సోమవారం

ఇది రాయకుండా ఉండాలని ఉంది. రాయకపోతే రేపు ఇంకోరకంగా గుర్తు పెట్టుకుంటాను, నా సంగతి నాకు తెలుసు.

పొద్దున జిల్పా రొట్టెల పిండి కలుపుతోంది. టైటస్ దావా గురించి ఏమీ తోచడం లేదు గనక మనసు కుదుటపడుతుందని నా అభ్యంతర పత్రం నకలు తీసి ఆమెకి చదివి వినిపించాను. మొదటి లోపం దగ్గర ఊఁ అంది. రెండో లోపం దగ్గర “బాగుంది” అంది. మూడోది చదివాను.

‘చట్టం నాలుగో సెక్షన్ ప్రకారం ఊరి ఉద్యోగి స్వేచ్ఛ గల మనిషి, ఊరి నివాసి అయి ఉండాలి. సదరు జాబితాలో టైటస్ అనే నల్లజాతి మనిషి ఉన్నాడు. అతని స్వేచ్ఛ ఏ న్యాయస్థానంలోనూ రుజువు కాలేదు. కనుక గుత్తగా జరిగిన ఈ ఎన్నిక మొత్తం చెల్లదు.’

పిండి పిసికే చప్పుడు ఆగింది.

“ఇంకోసారి చదవండి.”

చదివాను. 

“మీరే రాశారా ఇది?”

“అది వేరే వ్యవహారం జిల్పా. ఒక వాదనని బలపరచడానికి...”

“పాపం ఆ విథామ్, వకీలుకి ఊరికే డబ్బులు పోస్తున్నాడు. వాడికి పని చేసిపెట్టే వకీలు మన ఇంట్లోనే ఉన్నాడని తెలీదు కాబోలు.”

కాగితం బల్ల మీద పెట్టాను. ఆమె పిండి చేతుల్తోనే దాన్ని అటు తోసింది.

“ఊరంతా కలిసి ఏం చేసింది మార్చిలో? టైటస్‌ని ఎన్నుకుంది. గుమాస్తా రాశాడు. ప్రమాణం చేయించారు. బానిసతో చేయిస్తారా ప్రమాణం? మీ చట్టం ఏమంటోంది?”

స్వేచ్ఛ గల మనిషి, ఊరి నివాసి. నేను రాసిన మాటలే. అతని పేరున్న ఒక్క కాగితం కోసం మార్చి 2న పాత పుస్తకాలన్నీ దులిపాను. పది రోజుల తర్వాత నా కళ్లముందే ఆ కాగితం పుట్టింది. నూట ఎనిమిది మంది చేతులెత్తారు. నేనేమో నన్ను పందుల పెద్ద అన్నారన్న ఉక్రోషంతో దాన్ని చంపడానికి ఏడు పేజీలు రాసి, బురదలో ముప్పై రెండు మైళ్లు తిరిగి వచ్చాను. గాడిద కూడా తను తినే గడ్డిని తొక్కదు.

“మీకు ముక్కుతాడు వెయ్యడం పందులకి రింగు వేసినంత తేలిక కాదు” అంది జిల్పా. నవ్వలేదు.

ఏప్రిల్ 16

కౌంటీ కోర్టు. వెనక్కి తీసుకుంటానన్నాను. కోర్టు గుమాస్తా కళ్లద్దాల పైనుంచి చూశాడు. “ఊరికే వెనక్కి ఇవ్వడం కుదరదండీ. పదవి ఇష్టం లేదని గదా వేశారు. పదవి స్వీకరించి, ప్రమాణం చేసినట్టు ఊరి గుమాస్తా సంతకం తెస్తే ఫిర్యాదు దానంతటదే పోతుంది. ఆరు వారాల గడువు, ఇరవై మూడు దాకా ఉంది. ఈ గడువు పెట్టిన మహానుభావుడెవరో.”

నేనే.

ఏప్రిల్ 17

చేశాను. హేజన్ గుమాస్తా సత్రంలో ఉన్నాడు గనక అక్కడే చెయ్యాల్సొచ్చింది. కెప్టెన్ స్లీపర్ బల్లల దగ్గరున్నవాళ్లందరినీ లేచి నిలబడమన్నాడు, మర్యాదకి కాదు. బ్రాకెట్ ఒక మూల ఉన్నాడు. ఎడమ చేతిలో టోపీ పట్టుకుని, కుడి చెయ్యెత్తి, ఊరి పందుల విషయంలో భయం గాని పక్షపాతం గాని లేకుండా నడుచుకుంటానని దేవుడి సాక్షిగా ప్రమాణం చేశాను. ఎవడో పందిలా అరిచాడు. పీపా సరిచెయ్యడానికి వచ్చిన టైటస్ గోడ పక్కన నిలబడి చూస్తున్నాడు. నేను ఇవతలికి వస్తుంటే చెయ్యి చాచాడు. కలిపాను.

“ఎన్నిక కొట్టేయించడం లేదాయ్యా మరి?”

“లేదు. అదే మన సాక్ష్యం.” పుస్తకం సంగతీ, నాలుగో సెక్షన్ సంగతీ చెప్పాను. అతను వింటూ వింటూ పక్కనున్న పీపా మీద కూర్చుండిపోయాడు.

“మీకెప్పుడు తట్టిందయ్యా ఇది?”

“మొన్న.”

మూడో లోపం గురించి చెప్పలేదు. చెప్పాల్సిన అవసరం లేదు. రేపు సంతకం పంపితే పత్రం వెనక్కి వచ్చేస్తుంది. లేని కాగితం గురించి చెప్పి మనిషిని బాధపెట్టడమెందుకు.

ఏప్రిల్ 20

పత్రం వెనక్కి వచ్చింది. పొయ్యిలో వేశాను. జిల్పా అడిగింది, “టైటస్‌కి చెప్పారా?”

సమయం చూసి చెబుతానన్నాను.

“అనుకూలమైన సమయమా?” అంది.

ఏప్రిల్ 23, మంగళవారం

వరసగా రాస్తాను.

పొద్దున పది గంటలకి దావా పిలిచారు. విథామ్ వెల్వెట్ కోటులో వచ్చాడు. టైటస్ పెళ్లినాటి కోటు వేసుకున్నాడు, వైలెట్ వెనక బెంచీలో జిల్పా పక్కన కూర్చుంది. వాకిట్లో విథామ్ తెచ్చిన బండి, దాంట్లో ఇద్దరు మనుషులు, ఒక గొలుసు. 

నేను హేజన్‌ని పిలిచాను. మార్చి 12 పుట చదివాడు. ‘పందుల పెద్దలుగా ఎన్నికైనవారు’ అని అయిదు పేర్లు చదివాడు, అందులో ‘టైటస్, పీపాల పనివాడు’ అనీ, ‘అదేరోజు ప్రమాణం చేశారు’ అనీ చదివాడు. నాలుగో సెక్షన్ నేను చదివాను.

విథామ్ వకీలు నవ్వాడు. “పరాచికమండీ. పెళ్లికొడుకుల్ని ఆటపట్టించే ఆచారం. జ్యూరీలో ఉన్న పన్నెండు మందిలో సగం మంది తమ కాలంలో పందుల పెద్దలు అయ్యే ఉంటారు.”

జ్యూరీలో ఎనిమిది మంది తలలూపారు.

“పరాచికానికి ప్రమాణం చేయించరు” అన్నాను.

జడ్జిగారు బ్రాకెట్‌ని పిలిచారు. పెళ్లికొడుకుల జాబితా పెంచమని మొదట లేచింది అతనే గనక.

“ఆ ఎన్నిక నిజమా, నవ్వులాటా?”

బ్రాకెట్ చెమటలు తుడుచుకున్నాడు. అతనికి నా మీద జాలి లేదు, టైటస్ మీద అంతకన్నా లేదు. నేను నెమ్మదిగా అడిగాను: “అదే సభ, అదే నోటీసు, అవే చేతులు. దానికి ముందే మిమ్మల్ని శాసనసభకి ఎన్నుకున్నారు. అది కూడా నవ్వులాటేనా బ్రాకెట్‌గారూ?”

“అదెలా అవుతుందండీ.”

“మరి మీ పంది?”

రసీదు చూపించాను. ‘ఊరి పందుల పెద్ద టైటస్ గారికి’ అని ఉంది, కింద బ్రాకెట్ సంతకం. “నా పందిని నిజంగానే పట్టుకుపోయాడండీ, అందులో పరాచికం లేదు” అన్నాడు. కోర్టంతా నవ్వింది. ఆ క్షణంలో గెలిచాననుకున్నాను. చెప్పొద్దూ, టైటస్ గెలిచాడని కాదు, నేను గెలిచాననుకున్నాను.

అప్పుడు విథామ్ వకీలు తోలుసంచీలోంచి కాగితాలు తీశాడు. ఏడు పేజీలు. మార్చి 21 నుంచి ఏప్రిల్ 20 దాకా ఆ పత్రం కోర్టులో ఉంది, నకలు తీసుకోవడానికి ఎవరికైనా హక్కుంది. మూడో లోపం చదివాడు. బాగా చదివాడు, నాకన్నా బాగా.

“ఈ మాటలు ఎవరివో ప్రతివాది వకీలుగారే చెప్పాలి.”

జడ్జిగారు నావైపు చూశారు. నేను టైటస్ వైపు చూడలేకపోయాను.

“నావే” అన్నాను.

“నమ్మి రాశారా?” అన్నారు జడ్జిగారు.

“లేదండి. నన్ను పందుల పెద్దని చేశారని ఒళ్లుమండి రాశాను. ఎన్నికని చెడగొట్టడానికి ఏది దొరికితే అది రాశాను. టైటస్ స్వేచ్ఛాపరుడని శాసనసభలో రెండుసార్లు నిలబడి చెప్పిన నోటితోనే, నా పరువు కోసం, అతను స్వేచ్ఛాపరుడు కాదని రాశాను. తప్పని తెలిసి వెనక్కి తీసుకున్నాను. ఆ ఎన్నికని ఇప్పుడు ఈ లోకంలో ఎవరూ కాదనడం లేదు.”

“ఇప్పుడు తమరి హోదా ఏమిటి?”

“పందుల పెద్దనండి. టైటస్‌తో పాటు. అతను మొదట ప్రమాణం చేశాడు గనక అతను నాకు సీనియరు.”

ఈసారి నవ్వింది కొద్దిమందే.

జ్యూరీ అరగంటలో తిరిగొచ్చింది. టైటస్ స్వేచ్ఛ గల మనిషి అంది. జ్యూరీ పెద్ద తీర్పు చదువుతూ ఒక ముక్క కలిపాడు: “మా ఊళ్ల పుస్తకాలు నవ్వులాటకి రాసుకునేవి కావండీ.” విథామ్ బండి ఖాళీగా తిరిగి వెళ్లింది. వైలెట్ జిల్పా భుజం మీద పడి ఏడ్చింది.

టైటస్ నా దగ్గరికి వచ్చాడు. “మొన్న తట్టింది అన్నారు” అన్నాడు. అంతే. దారిపొడవునా ముందు బండిలో వెళ్లాడు, వెనక్కి చూడలేదు.

ఏప్రిల్ 24

మూడేళ్ల సభ్యత్వం, పదకొండు బిల్లులు, ఒక చట్టం. నెగ్గిన దావా ఇది ఒక్కటే అనిపిస్తోంది. అయినా లోపల ఏదో పుల్లలా గుచ్చుకుంటోంది.  

ఏప్రిల్ 25

పొద్దున మా ఆడపంది కనపడలేదు. గేటు తీసే ఉంది. వెతుక్కుంటూ బజారు దాకా పోతే కెప్టెన్ స్లీపర్ సత్రం అరుగు మీదనుంచి చెప్పాడు, “బందెలదొడ్లో ఉందండీ తమరి పంది. సీనియరుగారు తోలుకుపోయారు.”

టైటస్ దొడ్డి గోడ మీద కూర్చుని ఉన్నాడు, ఒళ్లో కొలబద్ద.

“రింగు వదులుగా ఉందయ్యా” అన్నాడు.

ఆ రింగు పోయిన శనివారం నేనే బిగించాను, జిల్పా పట్టకారుతో. వదులు కాదు. 

“రసీదు రాయండి.”

జేబులో సిరా, కలం ఎప్పుడూ ఉంటాయి. గోడ మీద కాగితం పెట్టి రాశాను: ‘ఊరి పందుల పెద్ద టైటస్ గారి వద్దనుండి నా పందిని తీసుకున్నాను.’ సంతకం పెట్టాను. అతను తీసుకుని వేలు ఆనించి ఒక్కో మాటా చదివాడు. పటాలంలో నేర్చుకున్న చదువు, నెమ్మదిగా వస్తుంది.

“ఇందులో ‘స్వేచ్ఛ గల మనిషి’ అన్న మాట లేదయ్యా.”

“రసీదుకి ఆ మాట అక్కర్లేదు టైటస్. ఏడో సెక్షన్‌లో లేదు. జ్యూరీ చెప్పేసింది, కోర్టు పుస్తకంలోకి ఎక్కింది. నీకింకే కాగితమూ అవసరం లేదు.”

“చట్టానికి అవసరం లేదని తెలుసు.” కాగితం నా చేతికి తిరిగిచ్చాడు. “కాదని రాసింది ఈ చెయ్యే గదా. అవునని కూడా ఈ చేత్తోనే రాయించుకుందామని.”

 ‘స్వేచ్ఛ గల మనిషి, ఈ ఊరి నివాసి’ అని అతని పేరు పక్కన రాశాను. అతను దాన్ని మళ్లీ చదివాడు, సిరా ఆరేదాకా నోటితో ఊదాడు, మడిచి టోపీ లోపలి మడతలో పెట్టుకున్నాడు. క్షమించానని అనలేదు. నేనూ అడగలేదు.

తర్వాత గోడ దిగి దొడ్డి గేటు తీశాడు. పెరటి దారి ఉంది, ఎవరికీ కనపడకుండా ఇల్లు చేరవచ్చు. పందిని తోలుకుంటూ బజారు మధ్యనుంచే వచ్చాను.